వెంట్రుకవాసి

ముందే చెబుతున్నాను, నేను తటస్థురాలిని కాను.
గోడ మీద పిల్లికి గోడే నియోజకవర్గం.
నేను ఎప్పుడో ఒక పక్కకి దూకేశాను,
మోకాలు కూడా చెక్కుకుంది.

పోలింగ్ అయి పదమూడు రోజులు.
టర్లాక్ మీద పొగమంచు దిగింది,
బాదం తోటలు ఆకులు కూడా రాల్చేశాయి,
లెక్క మాత్రం తేలలేదు.
రాత్రి మేం రెండొందల పదకొండు వెనక.
పొద్దున్నకి ఎనభై ఆరు.
రెండు లక్షల చిల్లర ఓట్లలో ఎనభై ఆరంటే
మా ఫార్మసీలో ఈ చలికి
ఒక మధ్యాహ్నం అమ్ముడుపోయే దగ్గుమందు సీసాలు.

డెనిస్ వాండర్‌ప్లాస్ అప్పుడే గెలిచినట్టు టై కట్టుకున్నాడు.
మూడు వేల ఆవుల ఆసామి.
నీళ్ళ కరువు గురించి మాట్లాడుతూ
మధ్యమధ్య సీసా నీళ్ళతో గొంతు తడుపుకుంటాడు.
మా వీధి చివర ట్రెయిలర్ల పేటలో
కుళాయి తిప్పితే గాలి దగ్గుతుంది.
బోరు ఇంకో రెండొందల అడుగులు దించుకోమంటాడు,
డబ్బు ఎవరి జేబులోంచో చెప్పడు.

మా లీనా ఓర్నెలాస్ బడి నర్సు.
మైకు ముందు తడబడుతుంది, ఒప్పుకుంటాను.
చివరి డిబేట్‌లో అంకె తప్పు చెప్పింది, అదీ ఒప్పుకుంటాను.
కానీ పిల్లల తలల్లో పేలు ఏరిన వేళ్ళు
బడ్జెట్‌లోనూ ఏరగలవని నా నమ్మకం.

నా పని ఇప్పుడు తలుపులు కొట్టడం.
సంతకం కలవలేదని పక్కన పెట్టిన కవర్ల జాబితా,
ఒక అట్ట, రెండు కలాలు.
"మీరు మీరేనని ఇంకోసారి రాసివ్వండి."
జాబితాలో అందరూ మా పార్టీ వాళ్ళే.
వాళ్ళవాళ్ళ తలుపులు వాళ్ళు కొట్టుకుంటున్నారు.

ఒకమ్మాయి పెళ్ళయి ఇంటిపేరు మార్చుకుంది.
ఒక కుర్రాడు కలం పట్టిన ప్రతిసారీ
కొత్త సంతకం కనిపెడతాడు.
ఒకావిడ కుక్కని వదిలింది.

పదిహేడో ఇల్లు. ఇషాయా యోనాన్, ఎనభై ఒకటి.
అసిరియన్ చర్చి వెనక, వాకిట్లో దానిమ్మ చెట్టు.
క్యానరీ యూనియన్ రోజుల నుంచీ మా పార్టీ.
పక్షవాతం కుడిచెయ్యి పట్టుకెళ్ళి
సగమే తిరిగిచ్చింది.
నడుం సన్నని గాజు గ్లాసులో టీ పోసి,
కళ్ళజోడు వెతుక్కుని, కాగితం పైకీ కిందకీ చూసి అన్నాడు:
"చెప్పాలి కదమ్మా, ఈసారి ఆ పాల అబ్బాయికి వేశాను.
వాళ్ళ నాన్న ఒక్క వారం కూడా
నా కూలి ఆపలేదు."

ఎనభై ఆరు.
ఈయన సంతకం పెడితే ఎనభై ఏడు.
"ఫారాలు అయిపోయాయండీ, ఎల్లుండి వస్తాను" అనొచ్చు.
గడువు రేపు సాయంత్రం ఐదింటికి.
ఆ మాట నాలుక చివర దాకా రాలేదని అబద్ధం ఆడను.
వచ్చింది, కూర్చుంది,
బెల్లంముక్కలా కొంచెం కరిగింది కూడా.

మొదటి అక్షరం దగ్గరే ఆయన చెయ్యి జారింది.
అట్ట కదలకుండా పట్టుకున్నాను,
నా రెండు చేతులతో, వాండర్‌ప్లాస్ ఓటుని.
చీటీ మీద ఎవరి పేరున్నా మందు ఇవ్వాల్సిందే.
ఇరవై రెండేళ్ళుగా ఈ చేతులు నేర్చిన న్యాయం అదొక్కటే.
నోరు మాత్రం ఊరుకోలేదు:
"పోటీలో ఉన్నది వాళ్ళ నాన్న కాదండీ."
ఆయన నవ్వాడు.
"టీ చల్లారిపోతోంది, తాగు."

కారెక్కి తిట్టుకున్నాను,
తెలుగులో. మనసారా తిట్టడానికి నాకు అదే వీలు.
ఒళ్ళో కాగితం మీద ఆ సంతకం
నీళ్ళలో పడిన చీమ తడికాళ్ళతో
ఒడ్డు చేరినట్టుంది.

ఉదారబుద్ధి అనుకునేరు, కాదు.
వాండర్‌ప్లాస్ ఓడాలి.
చిత్తుగా ఓడక్కర్లేదు, వెంట్రుకవాసి చాలు,
అది నా తలలో తెల్లవెంట్రుకైనా సరే,
ఓడాలి.

తేడా ఎనభై ఏడు.
పొగమంచులోకి లైట్లు వేశాను.
పద్దెనిమిదో ఇంట్లో ఎవరో మెలకువగానే ఉన్నారు.