జల్లెడ

ఇరవై ఏళ్ల కిందట ఈ వాగులోనే బంగారం కడిగేవాణ్ణి.
మోకాళ్ల లోతు నీళ్లలో వంగి
పొద్దస్తమానం గిన్నె తిప్పితే
సాయంత్రానికి కంట్లో నలుసంత.
అదీ పార అప్పిచ్చిన దుకాణంవాడి బాకీకే.

ఇప్పుడు అదే నీటిని గొట్టంలోకి మళ్లించి
కొండ మీంచి దూకిస్తున్నాను.
కింద చెంచాల చక్రం తిరుగుతుంది.
పదకొండు ఇళ్లు, ఒక వంటపాక,
ఒక పాత ఫ్రిజ్జు.
అందులో ముసలి దొన్యా ఎవెలియా ఇన్సులిన్ సీసాలు,
పక్కన ఎవరూ నాదని ఒప్పుకోని సగం కొరికిన చాక్లెట్టు.

వంటపాక గోడకి పలక:
తొమ్మిదికి దీపాలు ఆపాలి.
రంపపు పొట్టు వెయ్యకుండా మరుగుదొడ్డి వదిలి రాకూడదు.
అరటిగెల ఎక్కడ దాచామో కోతులకి చెప్పకూడదు.
మూడోది పిల్లలు రాసింది. ఎవరూ చెరపలేదు.

అక్టోబరులో వచ్చింది ఒందీనా,
మాంటెవిడియో నుంచి,
కళాకారుల గుడిసెలో ఆరు వారాలు ఉండిపోదామని.
అక్టోబరులో మా ద్వీపకల్పానికి ఎవరూ రారు.
దారి వాగవుతుంది, వాగే దారవుతుంది.
మైకుల పెట్టెలు గుర్రం మీద,
అరవై రెండేళ్ల మనిషి బురదలో నడిచి.

"కరెంటు లేని రాత్రి ఎలా వినబడుతుందో
పట్టుకెళ్లాలి" అంది.
పట్టుకోడానికి ఎంత కరెంటు కావాలన్నాను.
ఓ అంకె చెప్పింది.
నేను పలక కేసి చూశాను.

చిక్కుడుగింజలు ఉడికేంతసేపూ వాదించుకున్నాం.
చివరికి రాత్రికి రెండు గంటలు ఇచ్చాం.
ఒకసారి ఆ హెడ్‌ఫోన్లు నా చెవులకి తొడిగింది.
చీమలు ఎండుటాకు మీద నడుస్తుంటే చినుకులు పడుతున్నాయి.
కప్ప గొంతులో తడి కూడా వినబడింది.
తీసేశాక అడవి నోరు నొక్కినట్టయింది.
భయమేసి మళ్లీ పెట్టుకోలేదు.

నాలుగో వారం మూడు రోజులు విడవని వాన.
అర్ధరాత్రి దాటాక చక్రం గొంతు మారింది,
దానికి నిద్రలోనూ లేస్తాను.
మీటరు ముల్లు కిందికి జారుతోంది.
ఫ్రిజ్జు ఒకసారి దగ్గి ఊరుకుంది.
టార్చి తీసుకుని కొండెక్కుతుంటే
వెనక ఇంకో జత బూట్లు.

గొట్టం మూతి దగ్గర జల్లెడ నిండా గువారుమో ఆకులు,
వేళ్లు చాపిన అరచేతులంత,
ఒకదాని మీద ఒకటి,
ఇక చాలు, ఆగమన్నట్టు అడ్డంపడి.
ఒకటి పీకితే రెండొచ్చి అతుక్కుంటున్నాయి.
అప్పట్లో జల్లెడలో ఏం మిగులుతుందా అని చూసేవాణ్ణి.
ఇప్పుడేమీ మిగలకూడదు.
ఇదే వాగు, ఇవే చేతులు.

మైకు తేలేదేం, అని అరిచాను వానలో.
"రెండు చేతులూ కావాలిగా!"

తెల్లారగట్ల దిగి వచ్చేసరికి
వంటపాకలో ఫ్రిజ్జు మళ్లీ మొదలైంది.
బట్టల్నించి నీళ్లు కారుతూ
ఒందీనా దాని తలుపుకి చెవి ఆనించి నిలబడింది.
కాఫీ చల్లారిపోతున్నా కదల్లేదు.
అరిచేకోతులు లేచాయి,
వాటి వైపు తిరిగి కూడా చూడలేదు.

మిగిలిన రెండు వారాలూ గుడిసెలోంచి
కత్తి చప్పుడే ఎక్కువ వచ్చింది.
వెళ్లేముందు నా చేతిలో పెట్టింది
మనిషెత్తు కర్రకి కట్టిన వెదురు దువ్వెన.
ఆకుల్ని గట్టు మీంచే లాగెయ్యొచ్చు,
నడుం లోతు నీళ్లలో దిగక్కర్లేదు.
పళ్లు వంకర. ముడులు మాత్రం ఊడవు.

ఆ రాత్రుల పాట ఆమె పంపిందట,
పట్నంలో ఎవరి ఫోనులోనో ఉందట.
నేనింకా వినలేదు.

దువ్వెనకి పదిహేడు పళ్లు, నిన్న ఒకటి విరిగింది.
పొయ్యి మీద వెదురు ముక్క ఆరుతోంది.
తొమ్మిది కావడానికింకా పావుగంటుంది,
ఆలోగా చెక్కెయ్యొచ్చు.