నూట పన్నెండో పేజీ

గురువారం గురువారం గ్వెన్‌లియన్ వస్తుంది.
తడి కోటు తలుపు వెనక తగిలించి,
టీకి నీళ్లు మరగకముందే
"ఏదీ, అధ్యాయం?" అంటుంది.
ముప్ఫై ఏళ్లు గొర్రెలకి కాన్పులు చేసిన చెయ్యి
ఆకుపచ్చ పెన్సిలు అందుకుంటే
పదకొండు నవలల తర్వాత కూడా
నాకు పొట్టలో దేవినట్టే ఉంటుంది.

"వీడి కళ్లు మూడో అధ్యాయంలో నీలం,
ఏడులో బూడిద రంగు.
మధ్యలో జబ్బేమైనా చేసిందా?"
బిస్కెట్టు టీలో ముంచుతూ అడుగుతుంది.
"తడి బట్టలతో అంతసేపు ముద్దులేమిటి,
నిమోనియా వస్తుంది."
నేను నవ్వుతాను. తను నవ్వదు.
గీత గీస్తుంది.

లైట్‌హౌస్ కాపలావాడికీ బేకరీ ఆవిడకీ,
కాలు విరిగిన డాక్టరుకీ పోస్టుమాస్టరు చెల్లెలికీ
ఏ పెళ్లిళ్ల పేరయ్యా కుదర్చనన్ని
సంబంధాలు కుదిర్చాను నేను.
తనది ఇరవై ఏళ్లుగా ఒకటే నవల.
దాని మీద నేను ఎర్ర సిరా వాడితే
వారం రోజులు నాతో మాట్లాడదు.
చెల్లుకు చెల్లు.

సమీక్షలా? వచ్చాయి.
కార్డిఫ్ పత్రికలో ఒక కుర్రాడు
చక్కెర ఎక్కువైన కస్టర్డ్ అన్నాడు.
ఆ పూట అన్నం సయించలేదు,
మర్నాడు అదే కాగితంలో చేప తొక్కలు చుట్టి పారేశాను.
అలాంటివి ఒంటి మీద వాన.
తుడుచుకుంటే పోతాయి.

కానీ ఈ మార్చిలో
ఫిష్‌గార్డ్ లైబ్రరీలో నా పుస్తకం నేనే తీశాను
(ఎంతమంది తీసుకెళ్లారో చూసుకునే పాడు అలవాటు).
చివరి పేజీలో, "సమాప్తం" కింద,
ఎవరో బాల్‌పెన్నుతో రాశారు:
"ఈవిడ ఎవరికోసమూ ఎదురుచూసి ఎరగదు."

నేనా!
రోస్లేర్ ఓడ వచ్చే వేళకి
మూడు చలికాలాలు రేవు గోడకి ఆనుకుని నిలబడ్డదాన్ని.
హెఫిన్ దిగుతాడని
దిగిన ప్రతి టోపీ కిందా వెతికినదాన్ని.
నా నవలల్లో అందరూ దిగుతారు.
అతను దిగలేదు.

ఇంటికొచ్చి రాతప్రతి తీశాను.
నూట పన్నెండో పేజీ. నా వాక్యం:
"అలా రెండేళ్లు గడిచిపోయాయి."
పక్కన ఆకుపచ్చ అక్షరాలు, రబ్బరుతో నేనే చెరిపేసినవి,
కాగితాన్ని దీపానికి ఏటవాలుగా పెడితే
గుంటలు ఇంకా కనిపిస్తున్నాయి:
"ఈ రెండేళ్లూ ఆ పిల్ల ఏం చేసింది?"

అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలంటారు.
ఆదిలోనే చెప్పింది మహాతల్లి.
నేను రబ్బరు వెతుక్కున్నాను.

గురువారం పుస్తకం చూపించాను.
"నేను ముందే చెప్పలేదూ" అంటుందనుకున్నా.
ముఖం ఎర్రబడింది.
"ఎవరీ మనిషి? లైబ్రరీ పుస్తకం మీదా రాసేది!"
"నువ్వూ ఇదే రాశావుగా."
"నేను అనొచ్చు," అంది,
కుర్చీ చప్పుడయ్యేలా జరుపుకుని.

కాసేపటికి కళ్లజోడు తుడుచుకుని
మళ్లీ ఆ పేజీ దగ్గరగా పెట్టుకుంది.
"చూడు, 'ఎదురు' దగ్గర పెన్ను ఆగింది.
చుక్క పడింది.
కోపంలో రాసేవాళ్లు ఆగరు."
ఇద్దరం ఆ చుక్కకేసి చూస్తూ ఉండిపోయాం.
టీ చల్లారింది.

ఆ రాత్రి ఆ రెండేళ్లూ రాశాను.
రెండు కప్పులు కడిగి ఒకటే వాడటం.
ఓడల వేళల పట్టిక నోటికి రావడం.
గాలి ఎటు వీస్తోందో
నిద్రలోనే తెలిసిపోవడం.
ఒకరోజు రేవుకి వెళ్లడం మరిచిపోయి,
అందుకు ఏడవడం.

గ్వెన్‌లియన్ నిలబడే చదివింది.
ఏమీ అనకుండా మూడు వాక్యాలు కొట్టేసింది.
మూడూ నాకు బాగా నచ్చినవే.
ఈసారి రబ్బరు ముట్టుకోలేదు.

మిగిలినదాన్ని శుభ్రంగా తిరగరాసి
నాలుగు మడతలు పెట్టి
నూట పన్నెండో పేజీలో దూర్చి
పుస్తకం తిరిగిచ్చేశాను.
గడువు దాటింది.
జరిమానా నలభై పెన్నీలు.