ఇరవై నాలుగు వోల్టులు

కొంబొల్చాలో నా కొట్టు షట్టరు సగం దించాక
వంగి లోపలికొచ్చాడు మెంగెషా.
ఊడిన పాలపన్ను అమ్మకి చూపించే పిల్లాడిలా
అరచెయ్యి విప్పాడు.
కాలిపోయిన బల్బు.
గాజు లోపల పొగ మరక,
తెగిన తీగ కొస ఇంకా ఊగుతోంది.

"తెల్లవి ఇవ్వు, ఎతఫెరహు.
మొన్న తర్మబెర్ మలుపులో
ఎదురొచ్చినవాడికి ఉన్నాయే, అవి.
నా కళ్ళకి సున్నం కొట్టి పోయాడు.
నేనూ కొడతాను."

బల్లమీద మోచేతులు ఆనించాను.
ఈ బేరంలో నాకు తొందర లేదు.
బయట అతని ఫియట్,
నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది.
జొన్నలు మోసింది, సిమెంటు మోసింది,
ఒకసారి మా అత్త పెళ్ళివాళ్ళను కూడా,
వాళ్ళతో పాటు ఎవరిదో మేకను.

నీ బండిలో పారేది ఇరవై నాలుగు వోల్టులు, అన్నాను.
పక్క కొట్లో చవగ్గా దొరికే పన్నెండు వోల్టుల కారు బల్బు
స్విచ్చి వేయగానే
ఒక్కసారి కళ్ళు పెద్దవి చేసి చూసి
పోతుంది.

నూరు వాట్లది ఉంది, నిజమే.
నీ హోల్డరు నలభై ఏళ్ళ నాటిది,
వైర్లు వానపాముల్లా సన్నం.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు
వెలుగు కోసం వెళ్ళి మంట తెచ్చుకుంటావు.

ఇక ఆ తెల్లవి.
వాటి కోసం చేసిన గిన్నె కాదు నీది.
పోసిన వెలుగు అంచులు దాటి ఒలుకుతుంది,
కొమ్మల్లోకి, ఎదుటివాడి రెప్పల్లోకి.
పొగమంచులో అయితే
నీ వెలుగే నీకు అడ్డంగా గోడ కడుతుంది.

అతను మాట్లాడలేదు.
వెనక యిమామ్ నవ్వాడు, పదహారేళ్ళ క్లీనరు.
మలుపు మలుపుకీ తలుపు పట్టుకుని వేలాడి
దారి అంచును అరిచి చెప్పినవాడు.
ఈ మూడు రాత్రులూ ఆ బండికి
రెండో హెడ్‌లైటు వాడే. గొంతు పోయింది.

డెబ్బై ఐదు, డెబ్బై వాట్లవి
రెండు పెట్టెలు తీశాను.
"ఒక్కటే కదా పోయింది?"
ఒకటే మారిస్తే మెల్లకన్ను వస్తుంది. రెండూ మార్చు.
గాజు ముట్టుకోకు,
వేలి జిడ్డు కూడా ఆ వేడికి మచ్చై పగులుతుంది.
అతను తన గాబీ దుప్పటి కొంగుతో పట్టుకున్నాడు,
గువ్వ గుడ్డును పట్టినట్టు.
యిమామ్ ఎర్త్ వైరు బిగించే చోట
ఉప్పుకాగితంతో తుప్పు గీకాడు.
సగం చీకటి అక్కడే ఉంది,
నేను అమ్మే సరుకులో కాదు.

ఎదురుగా కాఫీ కాచే అస్కాల గోడ మీద
రెండు పసుపు మరకలు పడ్డాయి.
మరలు తిప్పుతూ దించాం.
ఎడమవైపు కిందికి:
ఎదుటివాడి కళ్ళుండేది అటే.
కుడివైపు ఒక పిసరు పైకి:
కట్టెల మోపులూ గాడిదలూ
రాత్రంతా నడిచేది ఆ అంచునే.
"నా జెబెనాకి కూడా చూపు తెప్పించారు" అంది అస్కాల,
కాఫీ కూజా వెలుగులోకి జరిపి.

"ఆ తెల్లలైట్లవాడు మళ్ళీ ఎదురైతే?"
దానికి నా దగ్గర సరుకు లేదు, అన్నాను.
ఇరవై బిర్‌లు తగ్గించమన్నాడు. పది తగ్గించాను.

పాత బల్బు బల్లమీదే మరిచిపోయాడు.
చెవి దగ్గర ఊపితే
లోపల తీగ చిన్నగా గలగలమంటుంది.
పారెయ్యాలి.