ఎదురు వలస

దెజ్‌ఫూల్‌లో నారింజ చెట్లకింద
ఇంకా చొక్కాచేతులు మడుచుకునే తిరుగుతున్నారు.
డిసెంబరు చివర, తెల్లవారకముందే
నీలం ట్రక్కు వెనక నలభై రెండు పెట్టెలు కట్టాడు
మా మామ ఖొదాకరమ్.
ముందు సీట్లో ముగ్గురం:
అతను, నేను, కిటికీ పక్కన దాలూ, మా అమ్మమ్మ.
గేరు కర్ర నా మోకాలికి తగిలినప్పుడల్లా
"కాళ్ళు ముడుచుకోవే పరందోఖ్త్" అంటాడు.
ఎక్కడికని ముడుచుకోను?
కింద రొట్టెల మూట, ఫ్లాస్కు,
టైర్ల గొలుసులు.

దాలూ ఈ కొండకి నడిచిన మనిషి.
వసంతంలో ఎక్కడం, ఆకు రాలేముందు దిగడం,
యాభై ఏళ్ళు, మందతో, గాడిదలతో,
వీపున ఎవరో ఒక బిడ్డతో.
కొండంటే ఆమెకి గడ్డి, వెన్న, నల్ల గుడారం, చెమట.
చలికాలంలో అది ఎలా ఉంటుందో తెలీదు.
చుట్టం వెళ్ళిపోయాక ఇల్లెలా ఉంటుందో
చుట్టానికేం తెలుసు?

"మంచు పడ్డాక ఒక్కసారి చూపించరా" అని
మూడేళ్ళుగా మామ ప్రాణం తోడేసింది.
ఎందుకే అంటే చెప్పదు.
నారింజలకి పైన మంచి ధర ఉందని
ఈ ఏడు అతనే ఒక వంక కనిపెట్టుకున్నాడు.

ఈజె దాటాక చెవులు దిబ్బళ్ళు వేశాయి.
దెహ్‌దెజ్ దగ్గర కారూన్ మీద వంతెన.
నలభై సెకన్లు. లెక్కపెట్టాను.
"ఇక్కడే," అంది దాలూ, నీళ్ళకేసి గడ్డంతో చూపించి,
"మేకతోళ్ళు ఊది తెప్పలు కట్టి
రెండు రోజులు దాటేవాళ్ళం.
ఒక గొర్రె నా చేతుల్లోంచి జారిపోయింది. మచ్చలది."
ఆ రేవుని ఆనకట్ట ఎప్పుడో మింగేసింది.
మచ్చల గొర్రె మాత్రం
ఇంకా జారుతూనే ఉంది.

ఓక్ చెట్లు పొట్టివయ్యాయి.
బండల నీడలో ముందు కాస్త,
ఎవరో వొలకబోసి తుడవని ఉప్పులా.
తర్వాత రోడ్డు పక్కన, తర్వాత రోడ్డే.
నాగాన్‌లో ఆగి గొలుసులు వేశాం.
టీ కొట్టతను దాలూ బూట్లు చూసి నవ్వాడు:
"అందరూ కిందికి పోయారు, తల్లీ. పైన నీకెవరున్నారు?"
"ఒకడున్నాడు."
మామ నావైపు చూశాడు. నేను గ్లాసులోకి చూశాను.

చెల్‌గెర్ద్‌లో కొట్టు ఖైసర్
గడ్డకట్టాయని ఆరు పెట్టెలు పక్కన పెట్టేశాడు.
అరగంట బేరం. ఊపిరి పొగలూ తిట్లూ కలిసిపోయి
ఎవరి తిట్టు ఎవరిదో తెలీలేదు.
ఊరి అవతల దారి మూసేశారు.
అడ్డకర్ర, దాని వెనక జర్ద్‌కూహ్.
పసుపుకొండ అని అర్థం.
పసుపు ఎక్కడా లేదు.

దాలూ దిగింది. పట్టుకోబోతే విదిలించింది.
చేతికి తొడుక్కున్న మేజోడు తీసి
మంచుగట్టులోకి మోచేతిదాకా దూర్చింది.
ఈనలేని గొర్రె కడుపులో పిల్ల కాలికోసం వెతికినట్టు
ఎటో చూస్తూ, పెదవి కొరుకుతూ,
చాలాసేపు.

చెయ్యి ఎర్రగా బయటికొచ్చింది.
"లోపల గాలి లేదు," అంది.
"బయటికంటే నయమే."

దిగేటప్పుడు చెప్పింది, అద్దానికి చెబుతున్నట్టు.
"ఖొదాకరమ్ కంటే ముందొకడు. పదకొండు రోజులు.
పేరింకా పెట్టలేదు. ఆ లోయలో, మూడు రాళ్ళు.
మంద ఆగదు కదా."

ఇంటికి పెద్దకొడుకుగా
యాభై రెండేళ్ళు బతికిన మనిషి
రెండో గేరులోనే ఉండిపోయాడు.
నా మోకాలు దానంతటదే పక్కకి జరిగింది.
నాగాన్ వచ్చింది, పోయింది.
గొలుసులు విప్పడం ఎవరికీ గుర్తులేదు.
మంచు అయిపోయి తారు మొదలైంది,
చక్రాలకింద ఇనుము గలగల గలగల
కొండంతా వినబడేలా.

దాలూ సగం నిద్రలో తలెత్తింది.
"గంట కట్టిన మేక ముందుందా?"

"ఉంది దా," అన్నాడు మామ. "ముందే ఉంది."