చాయ

బొగ్గులకుంటలో మూడో అంతస్తు, ఉత్తరపు కిటికీ.
పళ్లకు రంగు చూడాలంటే ఆ వెలుతురే కావాలి,
పదకొండు దాటాలి, మబ్బు ఉండకూడదు,
పెదాలకు లిప్‌స్టిక్ ఉండకూడదు.
ఇవన్నీ చెప్పబోతే తారాబాయి నవ్వింది:
"ముత్యాలకూ గంతే నాయనా."

ఆ నవ్వులోనే చూశాను.
పై వరసలో ఆరు, పన్నెండేళ్ల కింద నేను చేసినవే.
ఒకటి సగం లేదు.

పత్తర్‌గట్టీలో ముత్యాల కొట్టు.
వెనక గదిలో దండలు గుచ్చే మనిషిని
కౌంటరు మీదికి తెచ్చినప్పుడు
చిట్టీ ఎత్తి కట్టించుకుంది ఈ ఆరూ.
పాత కార్డు దొరికింది, పెన్సిలు రాత నాదే:
"బీ వన్. ఇంకా తెలుపు కావాలని పట్టు."
వద్దన్నాను. వినలేదు.
కింది పళ్లు అప్పటికే జొన్నగింజల్లా ఉండేవి.

గుచ్చడం మానేసినా పంటికి అలవాటు పోలేదు.
మొన్న ఎవరో తొందరపెడితే, కత్తెర వెతక్కుండా
పట్టుదారాన్ని కొరికింది.
టప్పుమంది.
"ముత్యం జారిందనుకోని కింద దేవులాడిన."

మిగిలిన అయిదింటినీ భూతద్దంలో చూశాను.
పింగాణీ పెద్దగా మారదు.
మారేది దాని చుట్టుపక్కల.
అంచున అతికించిన జిగురు, వెంట్రుక మందం,
ఇరానీ కప్పు లోపల మిగిలే వలయంలా
గోధుమరంగుకు తిరిగింది.
చిగురు కాస్త పైకి జరిగి
దాచిపెట్టిన అసలు పన్ను పసుపుగా తొంగిచూస్తోంది.
పైన మెరుగేమో అరిగింది:
ఎవరు చెప్పారో, తెల్లబడాలని
రోజూ నల్ల పళ్లపొడితో రుద్దుతుందట.
రుద్దినకొద్దీ గరుకు,
గరుకైనకొద్దీ రంగు పట్టు.

ఏం తింటావు, ఏం తాగుతావు? అడగాలి కదా, అడిగాను.
"ఒచ్చిన గిరాకీకల్లా చాయ్ చెప్తం. వాళ్లతోని నేనొకటి.
దినానికి ఎనిమిది.
చింతపులుసు, పసుపేసిన పప్పు.
పానంటవా, అబద్ధమెందుకు, రాత్రికొకటి."

డాక్టర్ సుభాని చీటీలో రాశాడు: ఆరూ మార్చాలి, లేదా ఒక్కటే.
ఆరింటి ఖరీదు చెప్పాను.
ఆమె సంచిలోంచి చిన్న దండ తీసి
నా బల్ల మీద పెట్టింది.
"గిందుల కొత్తదేదో చెప్పు."
చెప్పలేకపోయాను.
"పాత దండల తెల్లది వెయ్యరు నాయనా.
మెడకు తగిలి, చెమటకు తగిలి
మీగడ రంగుకొచ్చినదాన్ని ఏరుతం.
మిగిలినయి చిన్నబోవద్దు గదా."

ఇన్నేళ్లూ తెల్లగా చేయడమే నేర్చిన చెయ్యి
ఒక పన్నుకు వయసు వేయడానికి కూచుంది.
షేడ్ గైడ్‌లో పదహారు చాయలు, ఒక్కటీ కలవలేదు.
అన్నిటికన్నా సన్న కుంచె తీశాను.
చిగురు దగ్గర ఖాకీ, రవ్వంత నారింజ,
అంచున గోధుమరంగు పూసి, తుడిచి, మళ్లీ పూసి.
మొదటిసారి ఎక్కువైంది. కడిగేశాను.
పక్కదానికి ఉన్నట్టే నడిమిన ఒక బీట గీశాను,
లేని దెబ్బకు మచ్చ పెట్టినట్టు.
కొలిమి ఏడువందల అరవై దాకా ఎక్కి దిగేలోపు
కింది హోటలు కుర్రాడు రెండు కప్పులు తెచ్చాడు.
విరిగిన వైపుకు తగలకుండా
ఊదుకుంటూ తాగింది.

అతికించేది సుభాని, రేపు.
ఇప్పటికి నీటిబొట్టుతో నిలబెట్టి, అద్దం ఇచ్చాను.
కిటికీ దగ్గర నిలబడి
నాలుకతో ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టుకుంది.
"ఇది ఇంక రంగు తిరుగుతదా?"
"నేను వేసింది మెరుగు కింద కాలి గట్టిపడింది.
ఇది మారదు. పక్కవే మారతాయి."
"అంటే కొన్నేండ్లకు ఇదొక్కటే పడుచుగుంటదన్నట్టు."
లెక్క వేస్తే అంతే.
నేను ఏమీ అనలేదు.

కార్డు మీద 'చాయ' అని ఉన్న గడిలో
బీ వన్ కొట్టేసి, ఏం రాయాలో తోచక ఆగాను.
వంగి చదివింది.
"చాయ్ సుత రాసుకుంటరా గిండ్ల?"
"కాదమ్మా, రంగు అని."
"అదే గదా నేనంటున్నది,
ఎనిమిదని రాయి."