వెనక కాళ్లు

నాటకం నేను చూడలేదు.
నలభై ఒక్కసార్లు ఆడాను.

ఏనుగులో ముందు కాళ్లు దాలినాయుడివి,
వెనకవి నావి.
నడుం వంచి, నుదురు అతని బెల్టుకి ఆనించి,
గోనెసంచుల బూడిదరంగు చీకట్లో
ఒక సర్కస్ దివాలా తీయడం
చెవులతోనే తెలుసుకున్నాను.

ఏ హాలో నేలని బట్టి చెప్పేవాణ్ని.
అల్లిపురంలో తొలి ఆట,
బల్లల మధ్య వేలెడు సందు,
అరికాల్లో మేకు దిగింది.
ఏనుగు కుంటింది. ఎవరో చప్పట్లు కొట్టారు.
గాజువాకలో సిమెంటు గచ్చు, పగలంతా కాగి
రాత్రి తొమ్మిదికీ చల్లారలేదు.
పరిషత్తు పోటీలో ఎర్ర తివాచీ.
జారిపడ్డాం. ప్రోత్సాహక బహుమతి వచ్చింది,
అదీ లైటింగుకి.
జాలారిపేట ఇసకలో మటుకు
అడుగడుక్కీ దిగబడుతూ
మొదటిసారి ఏనుగులా నడిచాం.
పిల్లలు లేచి వెనక్కి జరగడం వినబడింది.

రాసింది రేవులో క్రేన్ నడిపే పోతయ్య.
చిన్నప్పుడు రైల్వే మైదానంలో
డేరా ఎత్తేసిన మర్నాడు
రంపప్పొట్టు చుట్టొకటి మిగిలితే
వానకి చెదిరేదాకా
దాని మీదే సైకిల్ తొక్కాడట.
నాటకమంతా అందులోంచే అనేవాడు.
ఆఖరి రంగంలో యజమాని
గుడ్డలూ గుంజలూ అమ్మేస్తాడు,
ఊయల మీది హైమావతికి
జీతం బదులు ఊయలే ఇచ్చేస్తాడు.
ఏనుగుని ఎవరూ కొనరు.
అక్కడ మేం కదలకుండా నిలబడాలి
ఏడు నిమిషాలు.
ఉక్కు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన దాలినాయుడు
కొన్ని రాత్రులు నిలబడే నిద్రపోయేవాడు.
గురక మొదలైతే
నేను తోక ఊపేవాణ్ని,
జనం అటు చూస్తారని.

ముప్పై మూడో ఆట, కంచరపాలెం.
తెర పడగానే ముందు కాళ్లు టీకి వెళ్ళిపోయాయి.
నేనింకా తాడు ముడితో కుస్తీ పడుతున్నాను.
మెట్ల మీద గాజుల చప్పుడు.
గోనె మీద చెయ్యి పడింది,
సరిగ్గా నా వెన్ను మీద,
బరువైన, అలవాటున్న చెయ్యి.
"కాలేసే ముందు నేలని అడగాల కదే.
అడక్కుండా ఎయ్యకూడదు.
మా గౌరి అలాగే,
రాయగడ నుంచి ఇక్కడి దాకా
ఒక్కో వొంతెన్నీ అడుక్కుంటా వొచ్చింది."

ఊపిరి బిగబట్టాను.
బయటికి రావడమా, ఉండిపోవడమా.
తోక ఊపాను.
ఆవిడ నవ్విందో ఏడ్చిందో
గోనె మందం, తెలియలేదు.

మిగిలిన ఎనిమిది ఆటల్లో
ప్రతి అడుగుకీ ముందు నేలని తట్టి చూశాం.
ఏనుగు వచ్చినప్పుడల్లా నాటకం సాగుతోందని
ఎవరో పేపర్లో రాశారు.

తుపానుకి అటక రేకులు లేచిపోయాయి.
తొండం దొండపర్తిలో
ఎవరి మేడమీదో దొరికిందన్నారు,
తెచ్చుకోడానికి ఎవరం వెళ్ళలేదు.

పూర్ణామార్కెట్ దగ్గర
కాలవ మీద పలక దాటాల్సి వస్తే
ఇప్పటికీ ఆగుతాను,
చెప్పు కొసతో రెండుసార్లు తడతాను.
వెనక స్కూటరువాడు
హారన్ కొడుతూనే ఉంటాడు.