చూపుడు వేలు

ఒకే మెయిలుకి రెండు కాగితాలు తగిలించి పంపారు:
నలభై పేజీల నీతి నియమావళి,
నిరుటి కంటే నూటికి మూడు తగ్గించిన కొత్త రేటు.
రెండింటికీ కలిపి ఒక్క సంతకం చాలన్నారు.

శుక్రవారం ఆడిట్.
గురువారం రాత్రి వెనక తలుపు తాళం తీసి
ప్యాంటు జేబులో వేసుకున్నాను.
తెల్లారేసరికి షెడ్డులో నూనె వాసన మీద
కొత్త గ్లౌజుల వాసన.
ఒబుళేసుకి జీతంతో సెలవిచ్చాం,
ఏడేళ్లలో మొదటిసారి.
ఎందుకని అడగలేదతను.
కదిరి బస్సు ఛార్జీ చేతిలో పెడితే
బొటనవేలూ నడిమివేలూ కలిపి లెక్కపెట్టుకున్నాడు.

మేధా హెగ్డే అట ఆమె పేరు.
పీణ్యా దుమ్ములో ఆటో దిగి, టీ వద్దని,
తన సీసాలో నీళ్లే తాగింది.
బాలకార్మికులు? లేరు.
బలవంతపు పని? లేదు.
లంచాలు? లేవంటూ
దీపావళికి పంచిన స్వీటు పెట్టెలు గుర్తొచ్చి దగ్గాను.
ప్రమాదాలు?
సున్నా.
సున్నా రాయడం ఎంత తేలిక!
కలం ఎత్తకుండా తిప్పితే
ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలీదు.

అప్పుడామె హాజరు పట్టీ తిరగేసింది.
నలభై ఒక్క మందికి మిషను కొట్టిన టైము,
ఒక్క పేరు దగ్గరే రోజూ నా చేతిరాత.
"ఈయనకి మిషను లేదా?" కన్నడంలో అడిగింది.

ఆ మిషనూ వాళ్లు పెట్టించిందే.
గాజు ముక్క మీద కుడి చూపుడు వేలు పెట్టమంటుంది.
ఒబుళేసు దాని ముందు ఒక్క క్షణం ఆగి
నా బల్ల దగ్గరికి వచ్చేవాడు.

నూనెకి వేలిముద్ర అరిగిందని చెప్పొచ్చు.
నాలుక చివరిదాకా వచ్చింది కూడా.
తాళం తొడకి గుచ్చుకుంటోంది.
కుడిచెయ్యి ఎత్తి
చూపుడు వేలు మడిచి చూపించాను.

"ఎప్పుడు?"
"ఉగాది ముందు రాత్రి. మూడో నంబరు ప్రెస్సు.
గార్డు బిగిస్తే గంటకి నలభై ముక్కలు తగ్గుతాయి మేడమ్,
మీవాళ్లు కోసిన మూడూ అందులోంచే రావాలి."
ఆమె చాలాసేపు ఫారం వంక చూసి
"ఇది రాయడానికి నాకు గడి లేదు" అంది.

సున్నా కొట్టేసి పక్కన సంతకం పెట్టమంది.
పెట్టాను.

సోమవారం ఒబుళేసు వచ్చాడు.
కొత్త గ్లౌజు తొడుక్కున్నాడు,
చూపుడు వేలు చోట రబ్బరు ఖాళీగా వేలాడుతుంటే
లోపలికి దోపుకున్నాడు.
ఆర్డరు సంగతి ఇంకా తెలీదు. యజమాని నాతో మాట్లాడ్డం లేదు.
వెనక తలుపుకి మాత్రం
తాళం నేను మళ్లీ వెయ్యలేదు.